సప్లై ఎవరిది, రీసెట్ ఎవరిది: లినక్స్ కెర్నల్ డ్రైవర్లకు సరైన పద్ధతిని ఎంచుకోవడం

విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్‌లో ఒక మరపడవలో మేము అమర్చిన చిన్న కంప్యూటరు బోర్డు, అంతకుముందు మా రుషికొండ ల్యాబులో నెలన్నర పాటు ఒక్కసారి కూడా తడబడకుండా పనిచేసింది. పడవ ఎక్కిన తరువాత మాత్రం, ఇంజను స్టార్ట్ చేసిన నాలుగైదు సార్లకు ఒకసారి టచ్ స్క్రీను స్పందించడం మానేసేది. కారణం ఆసిలోస్కోపు (వోల్టేజి ఎలా మారుతోందో చూపే పరికరం) పెట్టి చూస్తే తెలిసింది. సెల్ఫ్ మోటారు తిరిగే ఒకటి రెండు సెకన్లలో 12 వోల్టుల బ్యాటరీ బాగా దిగిపోతుంది. ప్రాసెసర్‌కు ముందున్న పెద్ద కెపాసిటర్లు దానిని కాపాడుతున్నాయి కానీ, టచ్ కంట్రోలర్‌కు వెళ్లే 3.3 వోల్టుల సప్లై క్షణకాలం పడిపోయి మళ్ళీ లేస్తోంది. ఆ సమయమంతా రీసెట్ లైను (చిప్‌ను ఆపి పట్టి ఉంచి, వదిలినప్పుడు మొదటి నుంచి మొదలుపెట్టించే తీగ) వదిలిన స్థితిలోనే ఉండడం వల్ల చిప్ పూర్తిగా ఆగిపోనూ లేదు, శుభ్రంగా మొదలవనూ లేదు. ఆ చిప్‌ను నడిపే కెర్నల్ కోడు అయిన డ్రైవర్‌కు ఈ సంగతి తెలిసే మార్గమే లేదు.

ఆ తప్పు హార్డ్‌వేరుదని మొదట అనుకున్నాం, తరువాత డ్రైవర్‌దని అనుకున్నాం, చివరకు రెంటి మధ్య ఒప్పందం లేకపోవడమేనని గ్రహించాం. సప్లై ఎప్పుడు ఇవ్వాలి, క్లాక్ ఎప్పుడు మొదలవ్వాలి, రీసెట్‌లో ఎంతసేపు పట్టి ఉంచాలి, వదిలాక మొదటి ఆదేశం పంపే ముందు ఎంతసేపు ఆగాలి అనే నాలుగు ప్రశ్నలకు డేటాషీటులో సమాధానాలు ఉంటాయి. ఆ సమాధానాలను కెర్నల్‌లో ఎక్కడ రాయాలనే ప్రశ్నకు మాత్రం డేటాషీటులో సమాధానం ఉండదు. లినక్స్‌లో ఇందుకు ఒకటి కాదు, అయిదారు మార్గాలు ఉన్నాయి. కొత్తగా ఈ పనిలోకి వచ్చిన మన ఇంజనీర్లు ఎక్కువగా పాత డ్రైవర్‌లో కనిపించిన పద్ధతినే తెచ్చి పెట్టుకుంటారు. ఆ అలవాటు వల్ల వచ్చే ఇబ్బందులను చాలాసార్లు సరిదిద్దవలసి వచ్చిన అనుభవంతో, ఏ సందర్భానికి ఏది తగునో ఇక్కడ వివరిస్తున్నాను.

నా అభిప్రాయంలో ఎంపికను నిర్ణయించేది ఒక్కటే విషయం: ఆ సప్లైకి, ఆ రీసెట్ లైనుకి అసలు యజమాని ఎవరు. ఒకే చిప్‌కు మాత్రమే వెళ్లే లైనుదీ, ముగ్గురు పంచుకునే లైనుదీ, పరికరం ఉన్నట్టు బస్సుకు (ప్రాసెసర్‌నూ పరికరాలనూ కలిపే దారికి) తెలియడానికే ముందుగా ఆన్ చేయవలసిన లైనుదీ వేర్వేరు సమస్యలు. సర్క్యూట్ డయాగ్రం ముందు పెట్టుకుని, ఒక్కొక్క లైనును వేలితో అనుసరించి అది ఎక్కడెక్కడికి వెళుతుందో చూసిన తరువాతే ఎడిటరు తెరవాలని నేను మా బృందంలో పట్టుబడతాను.

డ్రైవర్‌లోనే రాసుకోవడం

లైన్లన్నీ ఒకే చిప్‌కు చెందినప్పుడు ఇదే ఉత్తమం, వేరే ఆలోచన అక్కర్లేదు. సప్లైలకు రెగ్యులేటర్ ఫ్రేమ్‌వర్క్ 2008లో 2.6.27 వెర్షనుతో వచ్చింది. క్లాకులకు ఉమ్మడి క్లాక్ ఫ్రేమ్‌వర్క్ 2012లో 3.4తో వచ్చింది, రీసెట్ లైను జీపీఐఓ (సాఫ్ట్‌వేరుతో పైకీ కిందికీ మార్చగల పిన్ను) అయితే దానికి డిస్క్రిప్టర్ పద్ధతి ఉంది. ఈ మూడింటినీ ప్రోబ్ ఫంక్షనులో (పరికరాన్ని డ్రైవర్‌కు అప్పగించేటప్పుడు కెర్నల్ పిలిచేది) తీసుకుని, ఆన్ చేసే క్రమాన్ని ఒక ఫంక్షనులోనూ, దానికి సరిగ్గా తలకిందుల క్రమాన్ని మరొక ఫంక్షనులోనూ రాసి, వాడనప్పుడు పరికరాన్ని ఆపి ఉంచే రన్‌టైమ్ పవర్ మేనేజ్‌మెంటు నుంచి కూడా ఆ రెంటినే పిలిస్తే, కెమెరా సెన్సరు, టచ్ కంట్రోలర్, డిస్‌ప్లే ప్యానెల్ వంటి వాటికి అంతకు మించి ఏమీ అవసరం ఉండదు. క్రమం ఒకే చోట కనిపిస్తుంది కాబట్టి, డేటాషీటులోని టైమింగ్ బొమ్మను పక్కన పెట్టుకుని ఎవరైనా వరుసగా సరిచూడవచ్చు. ఈ పద్ధతికున్న అతి పెద్ద మేలు అదే.

అయితే ఇక్కడ పదే పదే జరిగే మూడు పొరపాట్లున్నాయి. మొదటిది తర్కానికీ వోల్టేజికీ మధ్య గందరగోళం. బోర్డు మీద ఏమేం ఉన్నాయో కెర్నల్‌కు చెప్పే డివైస్ ట్రీలో ఆ లైను యాక్టివ్ లో (తక్కువ వోల్టేజి దగ్గర పనిచేసేది) అని రాసి ఉంటే, డ్రైవర్‌లో 1 అని రాయడమంటే రీసెట్‌లో పట్టి ఉంచమని అర్థం, పిన్ను మీద మాత్రం సున్నా వోల్టులు ఉంటాయి. పాత డ్రైవర్లలో 0 రాసి పట్టి ఉంచి, 1 రాసి వదిలేవారు. ఆ కోడును నకలు చేసి, డివైస్ ట్రీలో మాత్రం కొత్త పద్ధతిలో రాస్తే, చిప్ పనిచేయవలసినంత సేపూ రీసెట్‌లోనే ఉండిపోతుంది. అప్పుడు చాలామంది డివైస్ ట్రీని యాక్టివ్ హై అని మార్చి పని జరిగిందని సంతోషిస్తారు. దయచేసి అలా చేయకండి. డివైస్ ట్రీ బోర్డును వర్ణించాలి గానీ, డ్రైవర్‌లోని తప్పును మోయకూడదు.

రెండవది, వనరులను తీసుకునే వరుస. రీసెట్ జీపీఐఓను ముందు తీసుకుని, తరువాత రెగ్యులేటర్‌ను అడిగినప్పుడు అది ఇంకా సిద్ధంగా లేకపోతే, ప్రోబ్ వాయిదా పడుతుంది, మళ్ళీ మొదటి నుంచి నడుస్తుంది. అలా రెండు మూడుసార్లు జరిగితే, సప్లై లేని చిప్ మీద రీసెట్ లైను పలుమార్లు అటూ ఇటూ కదులుతుంది. రెగ్యులేటర్లు, క్లాకులు, లైన్లు అన్నీ చేతికి వచ్చాకే మొదటి కదలిక ఉండాలి, రీసెట్ లైనును తీసుకునేటప్పుడే పట్టి ఉంచిన స్థితిలో తీసుకోవాలి.

మూడవది ఆగే సమయం. వెయ్యిలోపు మైక్రోసెకన్ల నిరీక్షణకు ఎంస్లీప్ 1 (ఒక మిల్లీసెకను ఆగమనే పిలుపు) అని రాయడం మామూలైపోయింది. టైమరు టిక్కులు సెకనుకు 100గా ఉన్న కెర్నల్‌లో అది 20 మిల్లీసెకన్ల వరకు పడుతుంది. ఒక్కసారికి అది కనిపించదు కానీ, రన్‌టైమ్ పవర్ మేనేజ్‌మెంటులో నిమిషానికి పదిసార్లు ఆన్ ఆఫ్ అయ్యే సెన్సరుకు అది తెలుస్తుంది. 2020లో 5.8తో వచ్చిన ఎఫ్‌స్లీప్‌కు మైక్రోసెకన్లు ఇస్తే తగిన పద్ధతిని అదే ఎంచుకుంటుంది.

ఆగే సమయం గురించి ఇంకొక మాట. ఆ అంకె చిప్‌దా, బోర్డుదా అనేది విడదీసి చూడాలి. రీసెట్ వదిలాక చిప్ తన లోపలి ఫర్మ్‌వేరును లోడ్ చేసుకోవడానికి పట్టే 50 మిల్లీసెకన్లు చిప్ స్వభావం, కాబట్టి అది డ్రైవర్‌లో ఉండాలి. సప్లై 3.3 వోల్టులకు చేరడానికి మన బోర్డు మీది కెపాసిటర్ల వల్ల పట్టే 3 మిల్లీసెకన్లు మాత్రం బోర్డు స్వభావం, అది డివైస్ ట్రీలో ఆ రెగ్యులేటర్ దగ్గర స్టార్టప్ డిలే అనో, ఎనేబుల్ ర్యాంప్ డిలే అనో ఉండాలి. అలాగే ఆఫ్ చేసిన వెంటనే ఆన్ చేస్తే, కెపాసిటర్లలో మిగిలిన విద్యుత్తు వల్ల సప్లై పూర్తిగా సున్నాకు రాకపోవచ్చు. అందుకు ఆఫ్‌కూ ఆన్‌కూ మధ్య కనీస వ్యవధిని కూడా రెగ్యులేటర్ దగ్గరే చెప్పవచ్చు. ఈ మూడింటినీ ఒకే అంకెగా కలిపి డ్రైవర్‌లో 200 మిల్లీసెకన్లు అని రాస్తే, తరువాతి బోర్డు చేసేవారికి అందులో ఏది తీయవచ్చో, ఏది తీయకూడదో ఎప్పటికీ తెలియదు.

రీసెట్ కంట్రోలర్ ఫ్రేమ్‌వర్క్

రీసెట్ లైను జీపీఐఓ కాకుండా ప్రాసెసర్ లోపలి రిజిస్టరులోని ఒక బిట్ అయినప్పుడు, 2013లో 3.10తో వచ్చిన ఈ ఫ్రేమ్‌వర్క్ తప్ప మరొకటి వాడనక్కర్లేదు. యూఎస్‌బీ, ఈథర్నెట్, ఐ2సి వంటి అంతర్గత భాగాలన్నిటికీ ఇదే మార్గం. ఎంపిక చేయవలసింది దీని లోపలే ఉంది: రీసెట్‌ను ఏకాంతంగా తీసుకోవాలా, పంచుకునే విధంగా తీసుకోవాలా అనేది.

ఏకాంతంగా తీసుకుంటే, పట్టి ఉంచమన్నప్పుడు నిజంగా పట్టి ఉంచుతుంది, వదలమన్నప్పుడు నిజంగా వదులుతుంది. మరొక డ్రైవర్ అదే లైనును అడిగితే బిజీ అని తిరస్కరిస్తుంది. పంచుకునే విధంగా తీసుకుంటే లెక్క మారుతుంది. లోపల ఒక లెక్కింపు ఉంటుంది. మొదటివారు వదలమన్నప్పుడు లైను వదులుతుంది, చివరివారు కూడా పట్టి ఉంచమనేవరకు అది మళ్ళీ రీసెట్‌లోకి పోదు. అంటే మీ డ్రైవర్ పట్టి ఉంచమని చెప్పి, విజయం అనే సమాధానం అందుకున్నా, మీ చిప్ రీసెట్‌లో లేకపోవచ్చు. క్లాకులూ రెగ్యులేటర్లూ ఇలాగే ప్రవర్తిస్తాయి కాబట్టి ఇది తప్పేమీ కాదు, కానీ రీసెట్ విషయంలో దీని పర్యవసానం వేరు. ఎవరో ఒకరికి అవసరమున్నంత కాలం క్లాక్ నడుస్తూ ఉంటే ఎవరికీ నష్టం లేదు. చిప్ చెడిపోయినప్పుడు దానిని తిరిగి దారిలో పెట్టడానికి రీసెట్ మీద ఆధారపడే డ్రైవర్‌కు మాత్రం, పంచుకున్న రీసెట్ ఇచ్చే హామీ చాలదు.

మరొక చిక్కు కూడా ఉంది. ప్రోబ్ మొదట్లోనే ఒకసారి పట్టి ఉంచి తరువాత వదిలే అలవాటున్న డ్రైవర్‌ను పంచుకునే విధానానికి మారిస్తే, వదలకముందే పట్టి ఉంచమన్నందుకు కెర్నల్ హెచ్చరిక ఇచ్చి తప్పు తిరిగిస్తుంది. కాబట్టి చిప్ ఏ స్థితిలో ఉన్నా అక్కడి నుంచి మొదలుపెట్టగల డ్రైవర్‌కే పంచుకోవడం తగును. బాగుచేయడానికి రీసెట్ కావలసిన చిప్‌కు ప్రత్యేక లైను ఇవ్వమని బోర్డు రూపకల్పన దశలోనే హార్డ్‌వేరు మిత్రులను అడగాలి. ఒక పిన్ను ఆదా చేసినందుకు తరువాత కోడులో చెల్లించే మూల్యం దానికి ఎన్నో రెట్లు ఉంటుంది.

ఒకే జీపీఐఓ లైను రెండు మూడు చిప్‌లకు వెళ్లే బోర్డులు చాలాకాలం అనాథలుగానే ఉన్నాయి. రెండవ డ్రైవర్‌కు ఆ జీపీఐఓ దొరకదు, దొరికేలా చేసే అడ్డదారిలో వెళితే ఒక డ్రైవర్ మరొకరి చిప్‌ను హఠాత్తుగా రీసెట్ చేసేస్తుంది. 2024లో 6.9 వెర్షనుతో ఈ లోటు తీరింది: డ్రైవర్ రీసెట్ కంట్రోల్‌ను అడిగినప్పుడు డివైస్ ట్రీలో మామూలు రీసెట్ జీపీఐఓ మాత్రమే ఉంటే, కెర్నల్ దానికి తనంతట తానే ఒక చిన్న రీసెట్ కంట్రోలర్‌ను సృష్టించి, లెక్కింపును చూసుకుంటుంది. ఒకే లైను మీద రెండు స్పీకర్ ఆంప్లిఫయర్లున్న బోర్డుకు ఇప్పుడు నేను ఎంచుకునేది ఇదే.

పరికరం కనిపించకముందే ఆన్ చేయవలసినప్పుడు

విత్తు ముందా చెట్టు ముందా అన్నట్టుంటుంది ఈ సమస్య. పీసీఐ, యూఎస్‌బీ, ఎస్‌డీఐఓ బస్సుల మీద పరికరం తానెవరో చెప్పుకున్నాకే దాని డ్రైవర్ వస్తుంది. సప్లై లేని పరికరం తానెవరో చెప్పుకోలేదు. సప్లై ఇచ్చే క్రమం ఆ డ్రైవర్‌లోనే ఉంటే, అది ఎప్పటికీ రాదు. ఇటువంటి చోట డ్రైవర్‌లో రాసుకోవడం అనే మొదటి పద్ధతి ఎంత శ్రద్ధగా చేసినా పనికిరాదు.

పాత మార్గం ఒకటుంది: కెర్నల్ కంటే ముందు నడిచే బూట్‌లోడర్‌లోనే అన్నీ ఆన్ చేసి, రెగ్యులేటర్‌ను ఎల్లప్పుడూ ఆన్‌లో ఉండేదిగా ప్రకటించడం. బోర్డు మొదటి వారంలో, చిప్ బతికుందా లేదా చూడడానికి నేనూ అలాగే చేస్తాను. కానీ అది బ్యాటరీ మీద నడిచే వస్తువులోకి వెళ్లకూడదు. నిద్రలోకి వెళ్లి లేచినప్పుడు చిప్ పాత స్థితిలోనే ఉంటుంది, ఒకసారి చెడిపోతే మొత్తం యంత్రాన్ని ఆపి తిరిగి వేయడం తప్ప దారి ఉండదు.

ఎస్‌డీఐఓ వైఫైకీ ఈఎంఎంసీకీ (బోర్డు మీది నిల్వ చిప్) మెమరీ కార్డులను చూసుకునే ఎంఎంసీ ఉపవ్యవస్థలోనే సొంత క్రమపద్ధతి 2015 నుంచి ఉంది. రీసెట్ లైన్లు, బయటి క్లాకు, ఆన్ తరువాత ఆగే సమయం అన్నీ దానికి డివైస్ ట్రీలో చెప్పవచ్చు. ఎంఎంసీ కంట్రోలర్ ఒకే ఒక్క కార్డును నడిపే చోట దీనికి మించినది అక్కర్లేదు. బోర్డు మీదే సోల్డర్ చేసిన యూఎస్‌బీ హబ్బులకు అలాంటి డ్రైవరే వేరుగా ఉంది. ఇవి రెండూ తమ తమ పరిధిలో చక్కగా పనిచేస్తాయి, ఆ పరిధి దాటితే పనికిరావు.

పరిధి దాటే ఉదాహరణ మా బోర్డు మీదే ఉంది. ఒకే చిప్‌లో వైఫై, బ్లూటూత్ రెండూ ఉన్నాయి. వైఫై పీసీఐ మీద, బ్లూటూత్ సీరియల్ పోర్టు మీద ఉన్నాయి. సప్లైలన్నీ ఉమ్మడివి, ఎనేబుల్ లైన్లు మాత్రం వేరు. రెండు డ్రైవర్లు ఒకదానినొకటి ఎరగవు. మొదటి ప్రయత్నంగా క్రమాన్నంతా బ్లూటూత్ డ్రైవర్‌లో పెట్టాం. ఒక సాయంత్రం పరీక్షిస్తూ బ్లూటూత్ మాడ్యూలును తీసేయగానే, నెట్‌వర్కు మీద నడుస్తున్న నా టెర్మినలు కూడా అక్కడే గడ్డకట్టిపోయింది. వైఫై కాళ్ల కింది నేలను మేమే లాగేశాం.

ఇటువంటి వాటి కోసమే 2024లో 6.11 వెర్షనుతో పవర్ సీక్వెన్సింగ్ ఉపవ్యవస్థ కెర్నల్‌లో చేరింది. క్వాల్కమ్ వైఫై బ్లూటూత్ చిప్‌లే దాని మొదటి వాడుకదారులు. సప్లైలను నడిపేది చిప్ లోపలి పవర్ యూనిట్‌కు ప్రతినిధిగా ఉండే వేరొక డ్రైవర్. వైఫై, బ్లూటూత్ దాని దగ్గరకు వెళ్లి తమకు కావలసిన లక్ష్యాన్ని మాత్రమే అడుగుతాయి. ఉమ్మడి మెట్టును (ఆన్ చేసే క్రమంలోని ఒక దశను) ఉపవ్యవస్థ మొదటివారి కోసం ఎక్కుతుంది, చివరివారు వెళ్లాకే దిగుతుంది. మన పోర్టులోకి వచ్చే ఓడ డాల్ఫిన్స్ నోస్ పక్కనుంచి కాలువలోకి వచ్చేటప్పుడు, కెప్టెన్ ఎంత అనుభవజ్ఞుడైనా పోర్టు పైలటు ఎక్కి దారి నడిపిస్తాడు, ఎందుకంటే ఆ కాలువ ఏ ఒక్క ఓడదీ కాదు. ఉమ్మడి సప్లై కూడా అటువంటిదే. పీసీఐ వైపున, పరికరం కనిపించకముందే ఆన్ చేయించి, తరువాత బస్సును మళ్ళీ వెతికించే చిన్న డ్రైవర్ కూడా దీనితోపాటే వచ్చింది.

దీనికి ప్రతికూలతలు లేకపోలేదు. మెట్లు, వాటి పరస్పర ఆధారాలు, లక్ష్యాలు అంటూ ఒక కొత్త డ్రైవర్ రాయాలి, 6.11 కంటే పాత దీర్ఘకాల కెర్నల్ మీద ఉన్నవారు దానిని వెనక్కి తెచ్చుకునే శ్రమ పడాలి. ఒక్క చిప్, ఒక్క డ్రైవర్, ఒక్క రీసెట్ లైను ఉన్న చోట దీనిని తేవడం అనవసరం. డివైస్ ట్రీలోనే మెట్లన్నీ స్క్రిప్టులాగా రాసేసి డ్రైవర్ శ్రమ తప్పించుకోవచ్చు కదా అని కొందరు నన్ను అడిగారు. ఆ ఆలోచన 2012లోనే ప్రతిపాదనగా వచ్చి, డివైస్ ట్రీ హార్డ్‌వేరు వర్ణనగానే ఉండాలన్న అభ్యంతరంతో ఆమోదం పొందలేదు. ఆ నిర్ణయం సరైనదేనని నా నమ్మకం.

పీసీఐ ఎక్స్‌ప్రెస్ పరికరానికి ఏ మార్గం ఎంచుకున్నా మారని అంకెలు కొన్నున్నాయి. సప్లై స్థిరపడిన తరువాత కనీసం 100 మిల్లీసెకన్లు, రిఫరెన్సు క్లాకు స్థిరపడిన తరువాత కనీసం 100 మైక్రోసెకన్లు గడిచాకే పెర్‌స్ట్ లైనును (ఈ బస్సులోని రీసెట్ లైను) వదలాలి. వదిలాక మొదటి కాన్ఫిగరేషన్ అభ్యర్థనకు ముందు మరొక 100 మిల్లీసెకన్లు ఆగాలి. సెకనుకు 5 గిగాట్రాన్స్‌ఫర్ల కంటే వేగమైన లింకు అయితే, ఆ వ్యవధిని లింకు శిక్షణ ముగిసినప్పటి నుంచి లెక్కించాలి. బూటు సమయం తగ్గించమని పైనుంచి ఒత్తిడి వచ్చినప్పుడు ముందుగా కత్తెర పడేది వీటిమీదే, పడకూడనిదీ వీటిమీదే.

ఏసీపీఐ (ఫర్మ్‌వేరుకూ ఆపరేటింగ్ సిస్టంకూ మధ్య ప్రమాణం) ఉన్న ల్యాప్‌టాపు తరహా యంత్రాలలో ఈ క్రమమంతా ఫర్మ్‌వేరు చేతిలో ఉంటుంది, డ్రైవర్ అందులో వేలు పెట్టకపోవడమే మేలు. ప్రాసెసర్ లోపలి భాగాల సమూహాలకు పవర్ డొమైన్లు ఉన్నాయి. అవి బోర్డు మీది చిప్‌ల కోసం ఉద్దేశించినవి కావు.

మా బోర్డు మీద చివరికి ఏం చేశామంటే

వైఫై బ్లూటూత్ చిప్‌ను పవర్ సీక్వెన్సింగ్‌కు మార్చాం. యూఎస్‌బీ హబ్బుకు దాని సొంత డ్రైవర్ సరిపోయింది. కెమెరా క్రమం డ్రైవర్‌లోనే ఉంది. స్పీకర్లకు పంచుకునే రీసెట్ పెట్టాం.

టచ్ కంట్రోలర్‌కు కూడా క్రమం డ్రైవర్‌లోనే ఉంచాం, కానీ రెండు మార్పులతో. ముందుగా హార్డ్‌వేరు: ఆ చిప్ సప్లైని ఆఫ్ చేసి మల్టీమీటరు పెడితే సున్నా బదులు 0.7 వోల్టులు కనిపించేది. రీసెట్ లైనును పైకి లాగి ఉంచే పుల్ అప్ రెసిస్టరును ఎప్పుడూ ఆన్‌లో ఉండే 1.8 వోల్టుల సప్లైకి కట్టి ఉండడంతో, ఆ దారిన కరెంటు చిప్ లోపలి రక్షణ డయోడుల గుండా పాకి దానిని పూర్తిగా ఆగనివ్వడం లేదు. రెసిస్టరును చిప్ సొంత సప్లైకి మార్చి, ఆఫ్ చేసే క్రమంలో ముందు రీసెట్‌లో పట్టి, తరువాతే సప్లై తీసి, ఆ లైనును కిందికే ఉంచాం. ఐ2సి లైన్ల పుల్ అప్‌లకూ ఇదే పరీక్ష చేయాలి.

రెండవది కెర్నల్‌లో: మా పవర్ మేనేజ్‌మెంట్ చిప్ సప్లై తగ్గినప్పుడు ఇంటరప్ట్ ఇవ్వగలదు, రెగ్యులేటర్ ఫ్రేమ్‌వర్క్ దానిని అండర్ వోల్టేజ్ ఘటనగా నోటిఫయర్ (ఘటన జరగగానే పిలిచే ఫంక్షను) ద్వారా డ్రైవర్‌కు చేరవేస్తుంది. నోటిఫయర్‌లో వేచి ఉండే పనులేవీ పెట్టకుండా తరువాత వీలున్నప్పుడు నడిపే వర్క్ క్యూకి అప్పగించాం. అది రీసెట్‌లో పట్టి, సప్లై ఆఫ్ చేసి, నిర్ణీత వ్యవధి ఆగి, క్రమాన్ని మొదటి నుంచి నడిపిస్తుంది. తరువాత హార్బర్‌కు వెళ్లి, స్కోపు ప్రోబులకు పట్టిన ఉప్పు తేమను తుడుచుకుంటూ, ఇంజనును వరుసగా అరవైసార్లు స్టార్ట్ చేయించాం. పదకొండుసార్లు సప్లై పడిపోయింది, పదకొండుసార్లూ రీసెట్ లైను దానితోపాటే కిందికి దిగి, సప్లై నిలదొక్కుకున్నాకే పైకి లేచింది; స్క్రీను ప్రతిసారీ వేలికి స్పందించింది.